ఐదు గంటల పొగ

రెండో రోజు

పెదమొగ సైనిక స్థావరంలో మమ్మల్ని దింపిన హెలికాప్టర్ సామాను దించాక రెండు నిమిషాలు కూడా నిలవలేదు. పన్నెండు మందిమి, నలభై పెట్టెల సామాను. తుపాను దాటి రెండు రోజులైంది. రాడార్ స్తంభం నడుం విరిగి పడి ఉంది. సముద్రపు గోడ మూడు చోట్ల తెగింది. ఆరు కాళ్ళ మరమ్మతు యంత్రాలను మేము పీతలంటాం. అవి అప్పుడే పెట్టెల్లోంచి బయటికి పాకి, విరిగిన ఇనుమును తడుముకుంటూ పైకెక్కుతున్నాయి.

నా పేరు పిన్నింటి సుగుణ. హవల్దార్‌ని. సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే యంత్రం నా పని. అది భూమికి రెండంతస్తుల కింద, పంపుల గదిలో ఉంది. దాని నీళ్ళు తాగాల్సింది నూట ముప్పై మంది సైనికులే కాదు, చుట్టుపక్కల జాలరి పల్లెల నుంచి తెచ్చి మూడు విమానాల షెడ్లలో ఉంచిన పందొమ్మిది వందల మంది కూడా.

గేటు దగ్గర ఒకావిడ నా కాలరు పట్టుకుంది. నలభై ఏళ్ళుంటాయి. పేరు మైలిపిల్లి బైరమ్మ.

"ఏడు బోట్లు రానేదు. ముప్పై ఒక్క మంది మగోళ్ళు. నా పెనిమిటి ఎల్లాజీ, నా మరిది కారయ్య అందులోనే ఉన్నారు. మీరేమో గోడలు కట్టుకుంతన్నారు. బేగి ఎతకండమ్మా!"

సెంట్రీ ఆమెను లాగబోతే వద్దన్నాను. కల్నల్ చక్రపాణిగారు స్వయంగా గేటు దాకా వచ్చారు. "రాడార్ లేవనివ్వండి. అది లేచిన గంటలో బోట్లు పంపిస్తాను. ఇది నా మాట," అన్నారు. అబద్ధమాడే మనిషిలా లేరు. అయినా రాసి పెట్టుకుంటున్నాను.

మణికట్టు పట్టీకి చెప్పే రోజువారీ లాగ్‌లోని ప్రతి మాటా నెలాఖరుకు పై ఆఫీసుకు వెళుతుంది. అందుకే ఈ కాగితం పుస్తకం. నాకు అనుమానం ఎక్కువని నా ఫైల్లో రాశారు. నిజమే. తొమ్మిదేళ్ళ కిందటి తుపానులో నా తమ్ముడు సోమేశు సముద్రంలో తప్పిపోయాడు. వెతికే పడవ ఆరో రోజున బయల్దేరింది. ఐదో రోజు దాకా వాడు బతికే ఉన్నాడని తర్వాత తేలింది.

నాలుగో రోజు

పొద్దున్న నీళ్ళు వచ్చాయి. ముందు టీ రంగులో, మధ్యాహ్నానికి తేటగా.

అంతలోనే గొడవ. రెండో షెడ్డు వాళ్ళు గోదాము తలుపు విరగ్గొట్టారు. ఒక జవాను తల పగిలింది. గేటు దగ్గర ఆడవాళ్ళు బోట్ల కోసం గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నారు.

సాయంత్రం మైకులో వైద్యాధికారి మేజర్ మందాకిని గొంతు వినిపించింది. రేపటి నుంచి రోజూ ఐదు గంటలకు దోమల పొగ వేస్తారట. ఆ గంటసేపు అందరూ షెడ్లలోనే కూర్చోవాలట, తలుపులు మాత్రం తీసే ఉంచాలట.

పొగ నా యంత్రంలోకి పోతే లోపలి పొరలు మూసుకుపోతాయి. ఐదింటికి పంపుల గది గాలి గొట్టాన్ని మూసి, గంట తర్వాత తెరవాలి. పనుల చీటీలో అది కూడా చేర్చాను.

ఆరో రోజు

తూనీగలు వరసగా వచ్చి తెల్లటి పొగ వదిలి పోతున్నాయి. తూనీగలంటే చెయ్యంత పొడవుండే ఎగిరే యంత్రాలు. నేను చూసేది వాటి రాకే. తర్వాత కిందికి దిగిపోతాను.

ఈ రోజు పీతలు రాడార్ స్తంభాన్ని నిలబెట్టేశాయి. నడిపినవాడు నాయక్ దాలినాయుడు, మా జట్టువాడే. వాడి భార్యకు ఏడో నెల. తుపానుకి ఆమె ఉన్న ఊరి ఫోన్లు తెగిపోయాయి. ఇక్కడికొచ్చినప్పటి నుంచి గంటకోసారి ప్రయత్నిస్తున్నాడు.

"మీ ఆవిడ దొరికిందా?" అని అడిగాను.

"ఈవేళ ఫోను చెయ్యలేదు మేడమ్. దొరుకుతాదిలెండి," అన్నాడు, ఈల వేసుకుంటూ.

గేటు దగ్గర ఎవరూ లేరు. సెంట్రీ స్టూలు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. బైరమ్మ వంటశాల వెనక ఉల్లిపాయలు ఒలుస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"రాడార్ లేచింది అప్పా. బోట్లు పంపమని కల్నల్‌గారిని అడిగారా?" అన్నాను. ఇక్కడ అక్కను అప్పా అంటారు.

"ఒత్తార్లెమ్మా. ఏటి తొందర?"

నాలుగు రోజుల కింద నా కాలరు పట్టుకున్న మనిషి ఈమేనా అని ఒక్క క్షణం తికమకపడ్డాను.

ఏడో రోజు

ఒడ్డుకు ఒక ముసలాయన శవం కొట్టుకొచ్చింది. గరికిన తాతయ్య, మూడో షెడ్డు వాళ్ళ మనిషి. బోట్లతో పోయినవాడు కాదు, ఇల్లు కూలి కొట్టుకుపోయినవాడు. మధ్యాహ్నం గోడ అవతల పాతిపెట్టారు. గొయ్యి తవ్వడానికి మా జట్టు వెళ్ళింది.

నేను చావులు చూశాను. ఈ తీరంలో మనిషి పోతే ఆడవాళ్ళు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి గుణాలన్నీ ఎత్తి చెబుతారు, వినలేక మగవాళ్ళు దూరం జరుగుతారు. ఈ రోజు డెబ్బై మంది వచ్చారు. ఒక్కరి నోట్లోంచీ చప్పుడు రాలేదు. కూతురు మట్టి వేసి, చేయి దులుపుకుని, జారిన కొప్పు సర్దుకుంది.

"అన్నాల ఏళయింది, పదండి," అంది.

అందరూ నడిచారు. నేనొక్కదాన్నే వెనక్కి తిరిగి చూశాను.

ఎనిమిదో రోజు

తొమ్మిది దోమలు కుట్టాయి, లెక్కపెట్టాను. పొగ మొదలై మూడు సాయంత్రాలైంది. దోమలు ఎప్పటిలాగే ఉన్నాయి.

జాడీలో పదిహేను దోమలను పట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, నాలుగున్నరకు ఒకటో షెడ్డు కిటికీలో పెట్టి వచ్చాను. ఆరున్నరకు తెచ్చుకున్నాను. పదిహేనూ బతికే ఉన్నాయి. గుడ్డ మీద ముక్కు ఆనిస్తే లేత వేపాకు వాసన. వెంటనే ఊపిరి బిగబట్టి దూరంగా పెట్టేశాను.

దారిలో మేజర్ మందాకిని ఎదురైంది. ఆమె ముక్కు మీద, రెండు చెంపల మీద ఎర్రటి గీతలున్నాయి. గట్టిగా బిగించే రబ్బరు మాస్కు పెడితే పడే అచ్చులవి. దోమల మందుకు అంత మాస్కు ఎందుకు?

రాత్రంతా ఒకటే లెక్క. ఐదింటికి పొగలో లేనిది ఆవిడొకతి, నేనొకతిని.

తొమ్మిదో రోజు

రాడార్ గదికి నీళ్ళ పైపు వేయడానికి వెళ్ళాను. దాలినాయుడు తెర ముందు పల్లీలు తింటున్నాడు. మాటల మధ్యలో అన్నాడు:

"ఆ మడ తిప్ప మీద రెండు బోట్ల లాంటివి కనిపిస్తన్నాయి మేడమ్. మొన్నట్నుంచీ."

పైపు కింద పెట్టేశాను. తెర చూశాను. దక్షిణాన నలభై కిలోమీటర్ల దూరంలో, మడ చెట్ల మధ్య బురద తిప్ప. దాని మీద రెండు చుక్కలు, పక్కపక్కన. అలలతో కదలడం లేదు.

"ఎవరికి చెప్పావు?"

"లాగులో పడిపోతాది కదండీ." ఇంకో పల్లీ వలిచాడు. "అయితే ఏటి?"

కల్నల్‌గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు. అంతా విన్నారు. తల ఊపారు.

"మంచి వార్తే. గోడ పని అవనీ హవల్దార్. రెండు బోట్లూ సిమెంటు మోస్తున్నాయి. తర్వాత చూద్దాం."

"మీరు మాటిచ్చారు సార్. రాడార్ లేచిన గంటలో అని."

"ఇచ్చాను," అన్నారు, ఏ ఇబ్బందీ లేకుండా. "కానీ ఇప్పుడెవరూ అడగటం లేదుగా?"

ఆ పొగ ఈయనే వేయిస్తున్నాడనుకున్నాను. గోడ పని ఆగకుండా సాగడానికి జనం నోరు ఇలా మూయించాడనుకున్నాను. పై ఆఫీసుతో మాట్లాడే ఫోను రాడార్ గదిలో ఉంది. రేపు ఆరు గంటలకు డ్యూటీ మారేటప్పుడు వెళ్ళి నేనే మాట్లాడతాను. ఏమైతే అది అవుతుంది.

పదో రోజు

ఈ రోజు బాగుంది.

నాలుగు ముప్పావుకి గాలి గొట్టం మూత పడలేదు. ఏదో కొమ్మ ఇరుక్కుంది. పైకెక్కి తీశాను. అంతలో తూనీగలు వచ్చేశాయి. బైరమ్మ షెడ్డు తలుపు దగ్గర నుంచి "లోపటికి రామ్మా" అని పిలిచింది. వెళ్ళి కూర్చున్నాను. లోపల చల్లగా ఉంది.

బైరమ్మ వల లాగేటప్పుడు పాడుకునే పాట ఒకటి పాడింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా పాడాను. నాకు పాటలు రావు. అయినా బాగానే ఉంది.

సోమేశు గుర్తొచ్చాడు. ఏమీ అనిపించలేదు. హాయిగా ఉంది.

ఫోను చేద్దామనుకున్నాను. తొందరేం లేదు. బోట్ల సంగతి ఈ పుస్తకంలో మరీ ఎక్కువ రాశాను. ఇకనుంచి రాయక్కర్లేదు.

పదకొండో రోజు

మధ్యాహ్నం దాకా పంపు పక్కన కూర్చుని నీటి చప్పుడు వింటున్నాను. పని చీటీలో ఏడు పనులుంటే ఒక్కటీ చేయలేదు. మూడున్నర ప్రాంతంలో ఎందుకో పుస్తకం తెరిచాను.

నిన్నటి పేజీ చదివాను. నా చేతిరాతే. ఎక్కడా కొట్టివేత లేదు. నా అక్షరాలు ఎప్పుడూ పక్కకి వాలుతాయి, నిన్నటివి నిటారుగా ఉన్నాయి. "ఏమీ అనిపించలేదు, హాయిగా ఉంది" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. తొమ్మిదేళ్ళుగా తమ్ముడి పేరు తలుచుకుంటే గుండెలో ఏదో గుచ్చుకుంటుంది. అది పోవాలని ఎన్ని మొక్కులు మొక్కానో. నిన్న పోయింది. ఇంకో సాయంత్రం వెళ్ళి కూర్చుంటే మళ్ళీ పోతుంది.

ఆ ఆశే నన్ను భయపెట్టింది. నాలుగున్నరకే గొట్టం మూసేసి, తలుపు గడియ పెట్టుకుని, కింద కూర్చున్నాను. మెల్లగా గుచ్చుకోవడం మొదలైంది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ బురద తిప్ప మీదివాళ్ళకు ఒక రోజంతా నా వల్ల కూడా పోయింది.

పన్నెండో రోజు

ఫోను కోసం పొద్దున్నే వెళ్ళాను. రాడార్ గది జవాను నవ్వుతూ, కల్నల్‌గారి సంతకం ఉంటేనే తాళం తీస్తానన్నాడు. బతిమాలాను, అరిచాను. నవ్వుతూనే ఉన్నాడు. అక్కడి నుంచి నేరుగా మేజర్ మందాకిని గదికి వెళ్ళి తలుపు మూశాను.

"ఆ పొగలో ఏముంది మేడమ్?"

ఆమె దాచే ప్రయత్నం చేయలేదు. అలసిపోయిన మనిషి.

"దుఃఖాన్ని దూరం పెట్టే మందు. పదిహేను రోజులే. దీనికి పై ఆఫీసు అనుమతి ఉంది సుగుణా, దొంగచాటు పని కాదు. కిందటి తుపానుకి నేనొక శిబిరంలో ఉన్నాను. మూడో వారంలో ఒకరి వెనక ఒకరు ఉరేసుకున్నారు. పదకొండు మందిని నా చేతులతో కిందికి దించాను. ఆఖరి పిల్లకు పదహారేళ్ళు. ఇక్కడ ఈ పన్నెండు రోజుల్లో అలాంటిది ఒక్కటీ లేదు."

"కల్నల్‌గారు చెప్తే వేస్తున్నారా?"

"ఆయనకు దోమల మందనే తెలుసు. ఆయన కూడా ఆ పొగలోనే కూర్చుంటారు. ఎవరో ఒకరు తెలివిలో ఉండాలని నేనొక్కదాన్నే మాస్కు పెట్టుకుంటాను."

నా అనుమానమంతా ఒక్కసారిగా కూలిపోయింది. మూడు రోజులుగా ఆయన్ని దొంగను చూసినట్టు చూశాను. దొంగ లేడు. ఇంత పెద్ద స్థావరంలో దిగులుపడే మనిషే లేడు, అంతే.

రాడార్ తెర సంగతి చెప్పాను. ఏడో రోజు నుంచీ అక్కడ రెండు చుక్కలున్నాయని. ఆమె ముఖం పాలిపోయింది.

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పాలని ఎవరికి అనిపిస్తుంది మేడమ్?"

బయట పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ ఆటలో ఎవరూ పోట్లాడుకోవడం లేదని అప్పుడే గమనించాను.

"ఆపితే, రేపు ఈ షెడ్లలో ఎవరైనా ప్రాణం తీసుకుంటే?" అంది.

"కానీ అక్కడ బతికున్నవాళ్ళుంటే మేడమ్?"

ఆమె లేచి మాస్కును సొరుగులో పడేసింది. "తూనీగల మందులో కలిపే నీళ్ళు నీ పైపులోంచే కదా. ఆపెయ్. ఆర్డరు నా పేర రాసుకో. ఇంకోటి. మూడు షెడ్లలో తాళ్ళు, బ్లేళ్ళు, కిరోసిన్ ఏమున్నా సాయంత్రంలోగా తీయించు."

మధ్యాహ్నం మూడు గంటలకు పైపు కట్టేశాను. తాళ్ళన్నీ మూటలు కట్టి పంపుల గదిలో వేశాను. ఐదు గంటలకు ఆకాశం ఖాళీగా ఉంది.

పదమూడో రోజు

పదింటి దాకా ఏమీ లేదు. జనం టిఫిన్లు తిన్నారు. మందు అంత తొందరగా వదలదేమో, కల్నల్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలేమో అనుకుంటూ వరండాలో నిలబడ్డాను.

మొదట తాతయ్య కూతురు. నీళ్ళ బిందె ఎత్తబోయి, ఆగి, బిందె కింద పెట్టి, "అయ్యా" అంది. అంతే, ఒక్క మాట. తర్వాత నేలమీద కూలబడి రాగం ఎత్తుకుంది. ఆ గొంతు విని పక్కనున్న ముసలావిడ అందుకుంది. పావుగంటలో మూడు షెడ్లూ ఒకేసారి ఏడుస్తున్నాయి. ఆ రేకుల కింద ఆ మోత వింటే ఒళ్ళు గగుర్పొడిచింది. అయినా నిజం చెప్పాలంటే, ఇన్నాళ్ళకు మనుషుల మధ్య ఉన్నాననిపించింది.

దాలినాయుడు స్తంభం సగం దాకా ఎక్కి ఫోను పట్టుకుని భార్య పేరు అరుస్తున్నాడు.

మేజర్ భయపడిందీ నిజమే. ఒకాయన నడుం లోతు దాకా సముద్రంలోకి నడిచిపోయాడు. ఐదుగురు ఆడవాళ్ళు జుట్టు పట్టి లాక్కొచ్చారు. మేజర్ ఆయన పక్కనే ఇసకలో కూర్చుండిపోయింది, చేయి వదల్లేదు.

బైరమ్మ గేటు దగ్గరికి రాలేదు. నేరుగా కల్నల్ ఆఫీసుకి నడిచింది. వెనక ఆరువందల మంది. ఈసారి అరుపులు లేవు.

"మా బోట్లు పోయి ఎన్నాళ్ళయినాది?" అని ఒక్కటే అడిగింది.

కల్నల్ చక్రపాణిగారు అప్పటికే ఆఫీసు పక్కనున్న రాడార్ గదిలో ఉన్నారు. తెర మీది తేదీలను వేలితో ఒక్కొక్కటిగా తాకుతున్నారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. టోపీ తీసి బల్ల మీద పెట్టి, బయటికొచ్చి, "తప్పు నాది," అన్నారు. సిమెంటు బస్తాలు నీళ్ళలో తోసేయించి రెండు బోట్లూ ఖాళీ చేయించారు. దారి తెలిసిన నలుగురు మత్స్యకారులను ఎక్కించుకుని, ముందు బోటులో తానే నిలబడ్డారు. ఒంటిగంటకు బయల్దేరాయి.

పద్నాలుగో రోజు

తొమ్మిది మంది బతికి వచ్చారు.

రెండు బోట్లలో పద్నాలుగు మంది ఆ తిప్ప మీద పడ్డారట. ఐసు గదిలో పట్టిన వాన నీళ్ళు ఎనిమిదో రోజు దాకా వచ్చాయి. ఆ తర్వాత ఆకుల మీది మంచు నాకారట. ఐదుగురు పోయారు. అందులో ఇద్దరు మొదటి రోజే. మిగిలిన ముగ్గురూ తొమ్మిదో రోజు తర్వాత. మిగతా ఐదు బోట్ల ఆచూకీ లేదు. వెతుకుతూనే ఉన్నారు.

బైరమ్మ మరిది కారయ్యను స్ట్రెచర్ మీద దింపారు. పెదవులు చీలిపోయి ఉన్నాయి. వదిన చేయి పట్టుకుని చెప్పాడు. ఎల్లాజీ కాలు బోటు కింద నలిగింది. జ్వరం వచ్చింది. నీళ్ళయిపోయాక కూడా రెండు రోజులు ఉన్నాడు. పదో రోజు, పొద్దుగూకే ముందు పోయాడు.

మేజర్ మందాకిని సూది తీసుకుని బైరమ్మ దగ్గరికి వచ్చింది. నిద్రకే, మరి దేనికీ కాదంది. బైరమ్మ ఆమె చేతిని మెల్లగా పక్కకి నెట్టింది.

"వొద్దమ్మా. ఇది నాది. నాకు వొగ్గీ."

పదహారో రోజు

రేపు విచారణ అధికారులు వస్తున్నారు. మేజర్‌ని, కల్నల్‌ని, నన్ను విడివిడిగా పిలుస్తారు. మేజర్ ఆఫీసు ఖాళీ చేసుకుంది. చేసిందాన్ని దాచనంది. దాలినాయుడి భార్య క్షేమమని నిన్న తెలిసింది. అయినా వాడు నా కళ్ళలోకి చూడటం లేదు.

సాయంత్రం బైరమ్మ పంపుల గది మెట్లు దిగి వచ్చింది. ఇక్కడికి ఎవరూ రారు. ఆమెకు స్టూలు వేశాను. కూర్చోలేదు.

"పదో రోజు పొద్దుగూకే ఏళకి నానేటి సేత్తన్నాను?"

తెలియదని అనొచ్చు. ఆమెకు ఆ రోజులన్నీ పొగమంచులా కలిసిపోయి ఉంటాయి. నేనేం చెప్పినా నమ్ముతుంది.

"పాట పాడుతున్నావు అప్పా. వల లాగే పాట."

"నవ్వేనా?"

"నవ్వావు. నేనూ నీ పక్కనే కూర్చున్నాను. నేనూ నవ్వాను. బోట్లున్నాయని నాకు అప్పటికే తెలుసు."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గోడకు చేయి ఆనించి తల వంచింది. తర్వాత ఈ పుస్తకం వైపు చూసింది.

"నువ్వు రాసుకుంతావంట కదా. రేపొచ్చే దొరలు సదువుతారా?"

"చదివిస్తాను."

"అయితే రాయి. నా పెనిమిటి నీళ్ళకోసం నోరు తెరిసిన పూట నాను పాట పాడతన్నానని రాయి. నన్నెవులు పాడించినారో అదీ రాయి. నీ పేరు కూడా ఎట్టు. ఒక్క ముక్క వొదిలినా, మా మనిసిని మళ్ళీ సంపినట్టే."

ఆమె మెట్లెక్కి వెళ్ళేదాకా ఆగి, రాశాను.